గరిష్ఠ ధర సరే, కనీస ధర ఏదీ?

2006 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక అరుదైన పని చేసింది. బి.టి. పత్తి విత్తనాలకు అన్యాయమైన ధర వసూలు చేస్తున్నదని మహికో మోన్‌శాంటో బయోటెక్ కంపెనీ మీద ఢిల్లీలోని ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కు, అంటే గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి ఏర్పడిన కమిషన్‌కు, ఫిర్యాదు చేసింది. బహుళజాతి కంపెనీలకు రాష్ట్రాలు పోటీపడి ఎర్ర తివాచీలు పరుస్తున్న రోజులవి. అటువంటి రోజుల్లో ఒక రాష్ట్ర ప్రభుత్వమే ఒక బహుళజాతి కంపెనీని లెక్క చెప్పమని నిలదీయడం చిన్న విషయం కాదు. దాని ఫలితంగా విత్తనాల ప్యాకెట్టు ధర సగానికి పైగా తగ్గింది. గుత్తాధిపత్యం గురించి, ప్రభుత్వ నియంత్రణ గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మన దగ్గర ఉదాహరణగా చెప్పుకోదగిన ఘటన అది.

అయితే ఆ విత్తనాన్ని తయారుచేసే చేతులు ఎవరివి, ఆ చేతులకు దక్కేదెంత అన్న ప్రశ్న ఆనాడు కమిషన్ ముందుకు రాలేదు. ఇరవై ఏళ్ళలో వచ్చిన చట్టాలు, ఉత్తర్వులు, కోర్టు తీర్పుల్లో కూడా ఆ ప్రశ్నకు చోటు దొరకలేదు. గుత్తాధిపత్యం అంటే కొనేవాళ్ళ జేబుకు సంబంధించిన వ్యవహారమని, ఆడపిల్లల శ్రమ అంటే బాలకార్మిక సమస్య అని, ఈ రెంటినీ వేర్వేరు శాఖల్లో, వేర్వేరు ఫైళ్ళలో పెట్టడం మనకు అలవాటయింది. అవి రెండూ ఒకే వ్యవహారమని, ఒకదాని మీద ఒకటి నిలబడి వున్నాయని చెప్పడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

ముందు గుత్తాధిపత్యం ఎట్లా ఏర్పడిందో చూద్దాం. శనగపచ్చ పురుగును తట్టుకుంటుందంటూ వచ్చిన బి.టి. పత్తికి కేంద్ర ప్రభుత్వ కమిటీ 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. ఆ జన్యువు అమెరికాకు చెందిన మోన్‌శాంటోది. మన దేశంలో మహికోతో కలిసి అది పెట్టిన ఉమ్మడి సంస్థే మహికో మోన్‌శాంటో బయోటెక్. మొదట విడుదల చేసిన మూడు రకాలకు మన రాష్ట్రంలో అనుమతి కొనసాగించడానికి 2005లో అదే కమిటీ ఒప్పుకోలేదు. వరంగల్లు జిల్లాలో ఆ విత్తనం వేసి నష్టపోయిన రైతుల గోడును జహీరాబాద్ ప్రాంతపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు స్వయంగా కెమెరాలు పట్టుకుని సినిమాగా తీసి చూపించారు. అయినా వ్యాపారం ఆగలేదు. జన్యువును తన రకాల్లో వాడడంతో సరిపెట్టుకోకుండా, ఆ సంస్థ దాన్ని దేశంలోని ఇతర విత్తన కంపెనీలకు లైసెన్సు మీద ఇచ్చింది. ఒక్కొక్క కంపెనీ ముందుగా 50 లక్షల రూపాయలు కట్టాలి. ఆ తర్వాత అమ్మిన ప్రతి ప్యాకెట్టు మీదా రాయల్టీ కట్టాలి. పదేళ్ళు తిరిగేసరికి దేశంలోని పత్తి విస్తీర్ణంలో దాదాపు 90 శాతం బి.టి. పత్తే అయింది.

కొట్టులో చూస్తే పది కంపెనీల ప్యాకెట్లు, పది బొమ్మలు, పది పేర్లు కనిపిస్తాయి. పోటీ వున్నట్టే వుంటుంది. కానీ ఏ ప్యాకెట్టు కొన్నా రాయల్టీ పోయేది ఒక్క చోటికే. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1600 నుంచి 1850 రూపాయల దాకా వుంటే, ఒక దశలో అందులో 1250 రూపాయలు రాయల్టీయే. మార్కెట్టులో పేర్లు ఎక్కువైనంత మాత్రాన పోటీ వున్నట్టు కాదన్న సంగతి ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ దొరకదు. ఇంకో విషయం కూడా గమనించాలి. మొదటి తరం బి.టి. జన్యువు మీద మన దేశంలో ఆ కంపెనీకి పేటెంటే లేదు. రెండో తరం జన్యువుకు 2008లో గానీ పేటెంటు రాలేదు. అంటే చట్టం ఇచ్చిన హక్కు ఏదీ లేకుండానే, కేవలం ఒప్పందాల బలంతో ఆ రాయల్టీ వసూలైంది.

2006 మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ రాయల్టీని సమంజసమైన స్థాయికి తగ్గించమంది. ఆ నెలాఖరులోనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు ధర 750 రూపాయలకు మించకూడదని నిర్ణయించింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఆ సీజనుకు ఊరట దొరకలేదు. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల మీద ప్రత్యేక చట్టమే చేసింది. తర్వాత మహారాష్ట్ర, గుజరాత్ అదే దారి పట్టాయి. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ వర్తించే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దాని కింద 2016లో రెండో తరం బి.టి. ప్యాకెట్టు గరిష్ఠ ధర 800 రూపాయలు, అందులో రాయల్టీ 49 రూపాయలు అయింది. 2020 నాటికి రాయల్టీని పూర్తిగా ఎత్తేశారు. 2025-26 సీజనుకు గరిష్ఠ ధర 901 రూపాయలు.

ఈ గెలుపును మనం తక్కువ చేయకూడదు. పత్తి రైతు ఇంట్లో విత్తనాల ధర అంటే అది ఒట్టి వ్యవసాయ ఖర్చు కాదు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అరువిచ్చే కొట్టువాడే వడ్డీ వ్యాపారి కూడా. ఆ అప్పు తీర్చడానికి ముందుగా తాకట్టుకు పోయేది ఆడవాళ్ళ ఒంటి మీది బంగారం. ఇంటి మగమనిషి ప్రాణం తీసుకుంటే ఆ అప్పంతా ఆమె నెత్తిన పడుతుంది. 2004లో వచ్చిన 421వ నంబరు జి.వో. కింద నష్టపరిహారం కోసం తిరిగిన స్త్రీలలో ఎంతమంది 'అప్పుకు రుజువేదీ' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారో క్షేత్రంలో పనిచేసే మీకు తెలుసు. కొట్టువాడు రసీదు ఇవ్వడు. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు వుండదు. కాబట్టి ప్యాకెట్టు మీద వెయ్యి రూపాయలు తగ్గడమంటే ఆ ఇళ్ళలోని స్త్రీల మీద అంత భారం తగ్గడమే. ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు, ధరను మార్కెట్టుకు వదిలేయాలి అనేవాళ్ళకు ఈ అనుభవమే సమాధానం. నాలుగేళ్ళ పాటు మార్కెట్టుకు వదిలితే తగ్గని ధర ఒక ఉత్తర్వుతో తగ్గింది.

ఇక ఆ గెలుపులోకి రాని లెక్క చూద్దాం.

సరిగ్గా ఆ ఫిర్యాదుకు మూడు నెలల ముందు, 2005 అక్టోబరులో, దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా ఒక అధ్యయనాన్ని వెలువరించారు. అది కూడా పత్తి విత్తనాల గురించే, ఆంధ్రప్రదేశ్ గురించే, ధర గురించే. తేడా ఒక్కటే. రైతు కొట్టులో చెల్లించే ధర గురించి కాదు, విత్తనాన్ని పండించే రైతుకు కంపెనీ చెల్లించే సేకరణ ధర గురించి. ఆ ధరతో పెద్దవాళ్ళకు మార్కెట్టు కూలి ఇచ్చి పని చేయిస్తే విత్తన రైతుకు ఏమీ మిగలదని, పిల్లలను పనిలో పెట్టుకోవడానికీ ఆ సేకరణ ధరకూ నేరుగా సంబంధం వుందని ఆ అధ్యయనం లెక్కలతో చూపింది. ఒకే పంట, ఒకే రాష్ట్రం, మూడు నెలల తేడా. ఒక ధర కమిషన్ ముందుకు వెళ్ళింది. రెండో ధర స్వచ్ఛంద సంస్థల సమావేశాల్లోనే వుండిపోయింది.

విత్తన పత్తి పని తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెప్పాలి. పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ వుంటాయి. వదిలేస్తే తనంతట తనే కాయ కడుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే, మర్నాడు విచ్చుకోబోయే ప్రతి మొగ్గనూ ముందు రోజు మధ్యాహ్నం నుంచి వెతికి పట్టుకుని, గోటితో రేకులనూ లోపలి మగ భాగాన్నీ ఒలిచేయాలి. మర్నాడు ఉదయం మగ మొక్కల నుంచి పువ్వులు కోసుకొచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గ కొనకూ పుప్పొడి రుద్దాలి. ఊళ్ళల్లో దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక మొగ్గ తప్పినా విత్తనం కల్తీ అవుతుంది. రెండు నెలలకు పైగా, రోజూ, పురుగుమందు కొట్టిన చేలో వంగి చేసే పని ఇది. విత్తన పంట ఖర్చులో సగం వరకూ కూలిదే. నంద్యాల, గద్వాల ప్రాంతాలు ఈ పంటకు పేరు పడ్డాయి. ఆ పేరు వెనక బడి మానిన ఆడపిల్లల చేతులున్నాయని 1990ల చివరి నుంచీ పరిశోధకులు, బాలల హక్కుల కార్యకర్తలు చెబుతూనే వున్నారు.

ఆడపిల్లలే ఎందుకు? వాళ్ళ వేళ్ళు సన్నం, ఓపిక ఎక్కువ, మొక్క ఎత్తుకు సరిపోతారు అని రైతులు చెబుతారు. అసలు కారణం అది కాదు. పెద్ద ఆడమనిషికిచ్చే దానికంటే కూడా తక్కువ కూలికి దొరికేది ఆడపిల్ల. సీజనుకు ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇస్తే ఆ సీజనంతా మాట్లాడకుండా వస్తుంది. బడికి పంపాల్సి వస్తే ముందు మగపిల్లవాడిని పంపే ఇల్లు, ముందు ఆడపిల్లను చేనికి పంపుతుంది. పితృస్వామ్యం ఇంట్లో నిర్ణయించిన చవక విలువను కంపెనీ తన ఖర్చుల లెక్కలో యథాతథంగా రాసుకుంటుంది. 2015లో బాలకార్మిక వ్యతిరేక సంస్థలు వెలువరించిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద విత్తన పత్తి చేలలో 14 ఏళ్ళ లోపు పిల్లలే సుమారు రెండు లక్షలమంది వున్నారు.

గుత్తాధిపత్యానికీ ఈ ఆడపిల్లల శ్రమకూ వున్న లోతైన సంబంధం ఇక్కడే వుంది. ప్రపంచంలో పత్తి పండించే చాలా దేశాలలో రైతులు వేసేది హైబ్రిడ్ కాదు, మామూలు రకాలు. వాటి గింజను దాచుకుని మళ్ళీ విత్తుకోవచ్చు. మన దేశంలో మాత్రం 1970లో గుజరాత్‌లో హెచ్-4 అనే తొలి పత్తి హైబ్రిడ్ వచ్చినప్పటి నుంచీ హైబ్రిడ్‌లు పెరుగుతూ వచ్చాయి. బి.టి. వచ్చాక దాదాపు అంతా హైబ్రిడే అయింది. కంపెనీలకు ఇది కలిసొచ్చిన సంగతి. హైబ్రిడ్ గింజను దాచి విత్తితే మరుసటి ఏడు అదే పంట రాదు. కాబట్టి ప్రతి ఏడాదీ కొట్టుకు రావలసిందే, ప్రతి ఏడాదీ రాయల్టీ కట్టవలసిందే. మామూలు రకంలో ఆ జన్యువును పెడితే రైతు ఒకసారి కొని ఊరుకుంటాడు. పేటెంటు లేని చోట కూడా రాయల్టీ రాబట్టగలిగారంటే అందుకు హైబ్రిడే తాళం. మరి ప్రతి మొగ్గనూ చేత్తో ఒలిచే హైబ్రిడ్ ఇంత పెద్ద ఎత్తున సాధ్యమైంది ఎందువల్ల? ఆ ఒలిచే చేతులు చవకగా దొరకడం వల్ల. అంటే ఆ గుత్తాధిపత్యపు తాళంచెవి అమెరికా ప్రయోగశాలలోనే కాదు, గద్వాల చేలో అడ్వాన్సుకు కట్టుబడిన పదేళ్ళ పిల్ల వేళ్ళ మధ్య కూడా వుంది. ఆమె శ్రమ ఈ వ్యాపారంలో పక్కన జరిగిన పొరపాటు కాదు, దానికి పునాది.

అమ్మకంలో గుత్తాధిపత్యం గురించి మనందరికీ తెలుసు. కొనుగోలులో గుత్తాధిపత్యం గురించి తక్కువ మాట్లాడుకుంటాం. విత్తన రైతు పరిస్థితి చూడండి. ఆడ, మగ మూల విత్తనాలు కంపెనీవి. మధ్యలో ఆర్గనైజరు వుంటాడు. పెట్టుబడికి అప్పిచ్చేదీ, పంట తీసుకునేదీ అతనే. పండిన విత్తనాన్ని రైతు ఇంకొకరికి అమ్మడానికి వీల్లేదు. మొలక పరీక్షలో, కల్తీ పరీక్షలో 'ఫెయిలు' అని కంపెనీ చెబితే దానికి అప్పీలు లేదు. డబ్బు చేతికొచ్చేది నెలల తరవాత. చాలా చోట్ల కంపెనీకీ రైతుకూ మధ్య కాగితం ముక్క కూడా వుండదు, వున్నదంతా ఆర్గనైజరు నోటిమాట. మార్కెట్టులో ఎన్ని కంపెనీలున్నా ఆ రైతుకు ఒక్కరే కొనుగోలుదారు. ఆ ఒక్కరు చెప్పిన ధర రైతు కూలి మీదికి తోస్తాడు. కూలిలో అందరికంటే బలహీనురాలి మీదికి ఆ బరువు చేరుతుంది. ఈ మెట్లలో ఎక్కడా ప్రభుత్వం కనిపించదు.

2007 రాష్ట్ర చట్టం పేరునే ఒకసారి చదవండి. పత్తి విత్తనాల సరఫరా, పంపిణీ, అమ్మకం, అమ్మకం ధర నిర్ణయం. 'ఉత్పత్తి' అన్న మాట లేదు. విత్తనం ప్యాకెట్టులోకి చేరాక దాని మీద ప్రభుత్వానికి కన్ను పడింది. ప్యాకెట్టులోకి రాకముందు అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగాలని తోచలేదు. 2015 కేంద్ర ఉత్తర్వు ధరను విత్తన విలువ, సాంకేతిక రుసుము అని విడగొట్టి, రుసుముకు హద్దు పెట్టింది. అది మంచిదే. కానీ విత్తన విలువ అనే పెద్ద మూటలో కంపెనీ లాభమెంత, ఆర్గనైజరు కమీషనెంత, రైతు వాటా ఎంత, క్రాసింగ్ కూలి ఎంత అన్నది ఏ ప్యాకెట్టు మీదా కనిపించదు. గరిష్ఠ ధర వుండి, లోపల కనీస ధర లేకపోతే ఏమవుతుంది? కంపెనీ తన లాభాన్ని తగ్గించుకోవడమైనా చేయాలి, సేకరణ ధరనైనా తొక్కిపట్టాలి. రెండోది చేయకుండా ఆపే చట్టం ఏదీ లేదు. గరిష్ఠ ధర తప్పని మేము అనడం లేదు. ఒక చేత్తో రైతుకిచ్చిన న్యాయాన్ని ఇంకో చేత్తో కూలి పిల్ల దగ్గర నుంచి లాక్కునే వీలు చట్టంలో మిగిలిపోయిందంటున్నాం.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఒకటి, సేకరణ ధరకు కనీస హద్దు పెడితే ప్యాకెట్టు ధర పెరిగి పత్తి రైతు నష్టపోతాడన్నది. పేద రైతునూ పేద కూలినీ ఎదురెదురుగా నిలబెట్టే పాత వాదన ఇది. రాయల్టీ 1250 రూపాయలుగా వున్ననాడు ఈ జాలి ఎవరికీ కలగలేదు. ఆ డబ్బంతా రైతు దగ్గరే వసూలైంది, కూలికి మాత్రం పోలేదు. రెండో అభ్యంతరం, బాలకార్మిక చట్టం వుంది కదా, దాన్ని అమలు చేస్తే చాలు కదా అన్నది. 1986 చట్టాన్ని 2016లో సవరించి 14 ఏళ్ళలోపు పిల్లల చేత పని చేయించడాన్ని అన్ని రంగాల్లోనూ నిషేధించారు, నిజమే. కానీ బడి సమయం కాని వేళల్లో కుటుంబ పనిలో సాయం చేయవచ్చన్న మినహాయింపు పెట్టారు. విత్తన పత్తి చిన్న కమతాలకు, ఇంటిల్లిపాదీ చేసే సాగుకు మళ్ళిన చోట, ఆ మినహాయింపు పెద్ద గేటులాంటిది. పైగా ఆ చట్టం కింద కేసు పడేది రైతు మీద, తల్లిదండ్రుల మీద. సేకరణ ధర నిర్ణయించిన కంపెనీ ఆఫీసుకు లేబరు ఇన్‌స్పెక్టరు వెళ్ళడు. పిల్లలను చేలలో నుంచి బడికి మళ్ళించడానికి మన మిత్ర సంస్థలు చేసిన కృషి గొప్పది. కానీ పిల్ల బడికి వెళ్ళాక ఆ పని తల్లి మీద పడి, అదే చవక కూలికి చేయవలసి వస్తే, మనం సమస్యను ఒక తరం పైకి జరిపామంతే.

ఇక ఈ పోరాటానికి చేతిలో ఏ చట్టాలున్నాయో చూసుకోవాలి. 1969లో ఎం.ఆర్.టి.పి. చట్టం వచ్చింది సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకుండా చూడాలన్న లక్ష్యంతో. 1991లో కొత్త ఆర్థిక విధానాలతో పాటే పెద్ద సంస్థల విస్తరణ మీద ఆ చట్టం పెట్టిన అడ్డంకులు ఎత్తేశారు. 2002లో పోటీ చట్టం చేశారు, అది 2009లో అమల్లోకి వచ్చింది. పాత చట్టం రద్దయింది. పెద్దదిగా వుండడం తప్పు కాదు, ఆ స్థితిని దుర్వినియోగం చేస్తేనే తప్పు అన్నది కొత్త చట్టం సూత్రం. ఈలోగా పెద్దవి ఇంకా పెద్దవయ్యాయి. 2017లో డౌ, డ్యుపాంట్ కలిశాయి. అదే ఏడు సింజెంటాను కెమ్‌చైనా కొన్నది. 2018లో మోన్‌శాంటోను బేయర్ కొన్నది. మన కాంపిటీషన్ కమిషన్ షరతులు పెట్టి ఈ చివరిదానికి ఒప్పుకున్నది. బి.టి. రాయల్టీ విషయంలో ఆ కమిషన్ 2016లో దర్యాప్తుకు ఆదేశించింది. కానీ పేటెంటుదారు లైసెన్సు షరతుల మీద విచారించే అధికారం పేటెంటు చట్టానిదే తప్ప పోటీ చట్టానిది కాదని ఢిల్లీ హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది. దాని మీద కమిషన్ వేసిన అప్పీలును 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఫిర్యాదు చేసిన విత్తన కంపెనీ, మోన్‌శాంటో అప్పటికే రాజీ పడ్డాయి. కంపెనీల మధ్య తగవు కంపెనీల రాజీతో ముగిసింది. మధ్యలో రైతు, కూలి ఎవరూ కక్షిదారులు కారు.

అయినా దారులన్నీ మూసుకుపోలేదు. పోటీ చట్టం 4వ సెక్షన్ అమ్మకంలోనే కాదు, కొనుగోలులో విధించే అన్యాయమైన ధరను కూడా దుర్వినియోగంగానే చెబుతుంది. ఈ మాటను మనం ఇంతవరకూ వాడుకోలేదు. కమిషన్‌కు సమాచారం ఇవ్వడానికి కంపెనీయే కానక్కరలేదు, ఏ వ్యక్తి అయినా, వినియోగదారులైనా, వాళ్ళ సంఘాలైనా ఇవ్వవచ్చు. 2023 సవరణ ప్రకారం ఘటన జరిగిన మూడేళ్ళలోపు ఇవ్వాలి. తేలికగా గెలుస్తామని చెప్పడం లేదు. కంపెనీకి మార్కెట్టులో ఆధిపత్యం వుందని రుజువు చేయాలి. దానికి ఒప్పందాలు, రసీదులు, పరీక్ష ఫలితాలు, చెల్లింపుల తేదీలు కావాలి. వాటిని పోగుచేయగలిగింది మండలాల్లో పనిచేస్తున్న సంఘాలే.

ప్రభుత్వ నియంత్రణ మీద గుడ్డి నమ్మకం కూడా మనకు అక్కర్లేదు. నియంత్రణ పేరిట లంచం మరిగిన అధికారులను చూశాం. పైన గట్టి చట్టం వున్నా, అనుమతి లేని గడ్డిమందు పత్తి 2017 నుంచీ మన చేలలో బయటపడుతూనే వుంది. దాన్ని రసీదు లేకుండా అమ్ముతారు, మోసపోతే అడగడానికి ఆధారం వుండదు. ఆ పత్తి వచ్చిన చోట కలుపు తీసే పని పోతుంది. కలుపు కూలి ఎవరిదో చెప్పనక్కర్లేదు. అంతేకాదు, 1976లో ఏర్పడిన రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలు పత్తిలో వెనక్కి తగ్గుతూ వుంటే, ప్రైవేటు కంపెనీల ధరకు హద్దులు గీస్తూ కూర్చోవడం సగం పనే అవుతుంది. రైతు దాచుకుని విత్తుకోగల మంచి పత్తి రకాలు ప్రభుత్వ పరిశోధనా కేంద్రాల నుంచి రావాలి. అవి వస్తే రైతుకు ఏటేటా కొనే బాధ తప్పుతుంది, ఆడపిల్లకు మొగ్గలు ఒలిచే బాధ తప్పుతుంది. గుత్తాధిపత్యానికి అసలైన విరుగుడు అదే. విత్తనం ఆడవాళ్ళ చేతుల్లో నిలుస్తుందా అని అడిగేవాళ్ళకు జహీరాబాద్ సంఘాల విత్తన బ్యాంకులే జవాబు. చిరుధాన్యాలు, పప్పులలో ఆ దళిత మహిళలు చేసి చూపించిన పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలని 2004 నుంచీ ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ మరో ముసాయిదా బయటపెట్టింది. ఈ చర్చల్లో కంపెనీలు మాట్లాడతాయి, రైతు సంఘాలు కొంత మాట్లాడతాయి. మహిళా సంఘాలు ఇది మన విషయం కాదని దూరంగా వుండడం ఇక కుదరదు. మనం అడగవలసినవి స్పష్టంగానే వున్నాయి. గరిష్ఠ అమ్మకం ధర ప్రకటించే ప్రతి ఏడాదీ, దానితోపాటే విత్తన రైతుకు చెల్లించవలసిన కనీస సేకరణ ధరను కూడా ప్రకటించాలి. ఆ ధరను పెద్దవాళ్ళకు, ఆడా మగా తేడా లేకుండా, కనీస వేతనం చెల్లిస్తే అయ్యే ఖర్చు మీద లెక్కకట్టాలి. కంపెనీకీ రైతుకూ మధ్య రాతపూర్వకమైన తెలుగు ఒప్పందం వుండాలి, ఆర్గనైజరు నోటిమాట చెల్లదు. విత్తన పరీక్ష ఫలితం మీద అప్పీలుకు కంపెనీతో సంబంధం లేని ప్రయోగశాల వుండాలి. చేలో పిల్లలు దొరికితే బాధ్యత రైతు దగ్గర ఆగకుండా మూల విత్తనం ఇచ్చిన కంపెనీ దాకా పోవాలి. ధరలు నిర్ణయించే కమిటీలలో విత్తన పత్తి కూలి స్త్రీల ప్రతినిధులు కూర్చోవాలి.

ఈ లోపల మన సంఘాలు చేయగల పని ఒకటుంది. వచ్చే క్రాసింగ్ సీజనులో, విత్తన పత్తి వేసే గ్రామాల్లో పనిచేసేవాళ్ళు మూడు అంకెలు రాసిపెట్టండి: కొట్టులో ప్యాకెట్టు ధర, రైతుకు కంపెనీ ఇచ్చిన సేకరణ ధర, ఆడమనిషికి రోజుకు దక్కిన కూలి. మొదటి అంకె గెజిట్‌లో దొరుకుతుంది. మిగతా రెండూ ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేవు. అవి కాగితం మీదికి వచ్చిన రోజున, ఏ కమిషన్ ముందైనా ఆ ఆడపిల్ల తరఫున నిలబడడానికి మనకు ఆధారం వుంటుంది.